తప్పు సర్వర్‌దా, పిడుగుదా

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పటిదాకా వానలా కురుస్తున్న సూదుల చప్పుడు తెగిపోయేసరికి, గది అవతలి మూల ఎవరో ముక్కు చీదిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది.

“మళ్ళీ పోయిందమ్మాయ్!” అంది దారాలత్త. ఆ ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో అందరికన్నా పెద్దావిడ. దారం రీళ్ళన్నీ ఆవిడ చేతుల మీదుగానే మిషన్లకెక్కుతాయి గనక ఆ పేరు.

ఆవిడ ‘అమ్మాయ్’ అన్నది వదినని. వర్క్‌షాపు నడిపేది వదినే. అప్పటికే ఆమె కిటికీ పక్క మిషన్ దగ్గరికి పరుగెత్తింది. చట్రంలో బిగించిన ముదురు నీలం వెల్వెట్ మీద ఒక తెల్లటి కొంగ ఎగురుతోంది. మెడ అయింది, ముక్కు అయింది, ఒక రెక్క అయింది. రెండో రెక్క సగం దాకా వచ్చి, సూది గాల్లోనే నిలబడిపోయింది. మామూలు గుడ్డయితే విప్పేసి మళ్ళీ కుట్టొచ్చు. వెల్వెట్‌కి అలాంటి జాలి లేదు. సూది దిగిన ప్రతి చోటా చిల్లు ఉండిపోతుంది.

అది ఊళ్ళో కొత్తగా బాగుచేసిన నాటకశాల తెరలో ఒక ముక్క. తెర అడుగంచు పొడవునా కొంగల బారు రావాలి. ఎల్లుండి సాయంత్రం మొదటి నాటకం.

“పిడుగూ!” అని వదిన మేడమెట్ల వైపు తిరిగి కేక పెట్టింది.

పిడుగు ఆమె ఆడపడుచు. చిన్నప్పుడు ఇంట్లో ఏ వస్తువునీ విప్పకుండా వదిలేది కాదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు అది. పెద్దయ్యాక ఆ అలవాటే బతుకుతెరువైంది. చుట్టుపక్కల నాలుగైదు ఆఫీసుల కంప్యూటర్లు చూసుకుంటుంది. అన్నయ్య, వదిన నడిపే ఈ వర్క్‌షాపు సర్వర్ కూడా ఆమె పాలనలోనిదే. మెట్ల కింద చిన్న గదిలో ఉంటుందది. డిజైన్లన్నీ దాని కడుపులోనే. మిషన్లు ఏ కుట్టు తరవాత ఏ కుట్టో దాన్ని అడిగి కుడతాయి. అది కళ్ళు మూస్తే ఇక్కడ సూదులన్నీ కళ్ళు తేలేస్తాయి.

పిడుగు రెండేసి మెట్లు దిగుతూ వచ్చింది.

“ఈసారి ఏమంటావు? కరెంటు అంటావా, గాలి అంటావా?” అంది వదిన.

“ముందు చూడనీ వదినా.”

“చూసిందే చూస్తున్నావు వారం నుంచీ. నీ కొత్త సిస్టం ఎక్కించేదాకా అది నోట్లో వేలు పెట్టినా కొరకలేని పసిపాపలా ఉండేది. నువ్వు చెయ్యి పెట్టావు, దానికి మూర్ఛలు మొదలయ్యాయి.”

పిడుగు మొహం ఎర్రబడింది. వదిన అన్న మాటలో అబద్ధం లేదు. సర్వర్‌ని నడిపే పాత సిస్టం తీసేసి కొత్తది ఎక్కించింది తనే. ఎక్కించాక యంత్రం చురుగ్గా పరుగెత్తుతోందని అందరినీ పిలిచి చూపించి, గొప్పలు పోయింది కూడా తనే. ఆ తరవాతే ఈ రోగం పట్టుకుంది. ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఒకరోజు పొద్దంతా బాగుంటుంది, ఇంకోరోజు పూటకోసారి పడిపోతుంది. నిజంగా తన తప్పేనేమో అన్న అనుమానం ఆమెను లోలోపల తొలుస్తోంది. దాన్ని బయటికి చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు. వదిన అలా దెప్పినకొద్దీ అసలు రావడం లేదు.

“నా సిస్టం శుభ్రంగా ఉంది. యంత్రంలోనే ఏదో తేడా వచ్చింది.”

“యంత్రానికి నోరు లేదుగా, ఎంతైనా అంటావు.”

వారం నుంచీ ఇదే వరస. ఒకే కంచంలో తినకపోయినా ఒకే మాట మీద ఉండే వదినామరదళ్ళు ఇప్పుడు ఉప్పూ నిప్పూ అయిపోయారు. భోజనాల దగ్గర కూరగిన్నె కావాలంటే కూడా మధ్యలో అన్నయ్యని రాయబారం పంపుతున్నారు.

ఆ అన్నయ్య అప్పుడే గుమ్మంలోంచి తొంగిచూశాడు. చేతిలో టేపు, చెవి మీద సుద్దముక్క. గుడ్డ కొలవడం, కత్తిరించడం ఆయన పని.

“ఎందుకర్రా ఈ గొడవంతా? దాన్ని పారేసి కొత్త సర్వర్ తెచ్చేద్దాం,” అన్నాడు.

ఆడవాళ్ళందరూ ఆయన వంక వింతగా చూశారు. జానెడు గుడ్డ మిగిలితే దాన్ని కూడా మడతపెట్టి దాచే మనిషి ఆయన. పారేద్దాం అన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు.

“మీకు జ్వరం గానీ వచ్చిందా?” అంది వదిన.

ఆయన నీళ్ళు నమిలాడు. “అది కాదే, అందరూ బాధపడుతున్నారని...”

పిడుగు ఆ మాటల్ని చెవిన వేసుకోలేదు. ఆమె అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది. “వదినా, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సర్వర్‌ని నాకు వదిలెయ్. ఈ వాదన తేల్చేస్తాను.”

“అంతసేపా! కొంగలు ఎవరు కుడతారు?”

“ఇలా సగం సగం కుట్టి ఎన్ని ముక్కలు పాడుచేసుకుంటాం? విను. ఇప్పుడు సర్వర్ లేచేది దాని సొంత డిస్క్ మీద నుంచి. నేను ఎక్కించిన సిస్టం ఉన్నది ఆ డిస్క్‌లోనే. దాని తీగ ఊడబీకి పక్కన పెట్టేస్తాను. నా దగ్గర ఇంకో డిస్క్ ఉంది. అందులో నా సిస్టమూ లేదు, మన డిజైన్లూ లేవు. యంత్రంలో ఏ భాగం బాగుందో, ఏది బాగోలేదో పరీక్ష చేసే ప్రోగ్రాములు మాత్రమే ఉంటాయి. దాని మీద నుంచి లేపి పరీక్ష పెడతాను. అప్పుడు కూడా తప్పులు చూపిస్తే రోగం యంత్రానిది.”

“చూపించకపోతే?”

“చూపించకపోతే నాది.”

“ఆ మాట అందరూ విన్నారుగా?” అని వదిన గది చుట్టూ చూసింది. మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళు విన్నామన్నట్టు తలలూపారు. దారాలత్త మాత్రం, “విన్నాం గానీ, ఎవరు గెలిచినా నాకు తెల్లదారం ఎక్కువవుతుందా, తక్కువవుతుందా అది చెప్పండి,” అంది. ఎంత ఆపుకుందామన్నా పిడుగుకి నవ్వొచ్చింది.

“సర్వర్ మూత విప్పుతావా?” అని అన్నయ్య అడిగాడు.

“డిస్క్ తీగ ఊడదీయాలంటే విప్పాలిగా. ఏం?”

“ఏం లేదు. నేను... నాటకశాలకెళ్ళి తెర కొలతలు ఇంకోసారి చూసొస్తాను,” అని ఆయన టేపు జేబులో కుక్కుకుంటూ పిల్లిలా జారుకున్నాడు.

పిడుగు మెట్ల కింద గదిలోకి దూరింది. అందులో ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి గోడకి అతుక్కోవాలి. ముందు గదిలో లెక్కలు చూసుకునే స్క్రీన్, కీబోర్డు తెచ్చి ఒక దారాల డబ్బా మీద పెట్టింది. సర్వర్‌ని పద్ధతిగా ఆపింది. మూత పక్కకి కొద్దిగా జరిపి, చెయ్యి లోపలికి పోనిచ్చి, తడుముకుంటూ సొంత డిస్క్ తీగ ఊడదీసింది. తన సంచీలోంచి అరచేతిలో ఇమిడే డిస్క్ తీసి ముందువైపు సాకెట్‌కి తగిలించి, మీట నొక్కింది.

ఫ్యాన్లు బుయ్యిమన్నాయి. స్క్రీన్ మీద రెండు వరసలు మెరిశాయి. ఆ తరవాత, లేవడానికి డిస్క్ ఏదీ కనిపించడం లేదని ఒక వరస వచ్చి ఆగిపోయింది.

“ఏమైంది?” అంది వదిన. ఆమె గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పనేమీ లేకపోయినా అక్కడి నుంచి కదల్లేదు.

“అలవాటు కొద్దీ తన డిస్క్ కోసమే వెతుక్కుంటోంది. నా డిస్క్ వైపు కన్నెత్తి చూడటం లేదు.”

“నీ లాగే మొండిది.”

“మన ఇంట్లో పెరిగిందిగా మరి!”

ఆ మాట వదిన పెదాల మీదికి తెచ్చిన నవ్వుని ఆమె చప్పున మింగేసింది. పిడుగు డిస్క్‌ని వెనకవైపు సాకెట్‌కి మార్చింది. మళ్ళీ మీట నొక్కి, ఈసారి యంత్రం ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే కీబోర్డు మీద ఒక బటన్ టకటకా కొట్టింది. ఎక్కడి నుంచి లేవమంటావు అని అడుగుతూ చిన్న పట్టిక వచ్చింది. అందులో తన డిస్క్‌ని ఎంచుకుంది. స్క్రీన్ నల్లబడింది, మళ్ళీ వెలిగింది. రోజూ కనిపించే రంగురంగుల ముఖం కాదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఏ హంగూ లేకుండా.

“ఇదేనా నీ పరీక్ష? చావు కబురు వచ్చినట్టుంది,” అంది వదిన.

“ఇది దేన్నీ రాయదు, దేన్నీ చెరపదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతుందంతే.”

ముందు ఫ్యాన్లు చూసింది. అన్నీ సరిగానే తిరుగుతున్నాయి. వేడి చూసింది. హద్దులోనే ఉంది. కాసేపు సొంత డిస్క్ తీగ మళ్ళీ తగిలించి, దాన్ని కూడా చదివించి చూసింది. ఒక్క మచ్చ లేదు. ప్రతి పరీక్ష చివరా ‘బాగుంది’ అన్న మాట వస్తుంటే, మామూలుగా సంతోషించాల్సిన పిడుగు గుండెలో ఒక్కో రాయి పడుతూ వచ్చింది. ఇక మిగిలింది మెమరీ. యంత్రం పని చేసేటప్పుడు లెక్కలన్నీ పెట్టుకునే చోటు అది. అందులో ప్రతి గదిలోకీ ఏదో ఒకటి రాసి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూడాలి. దానికి చాలాసేపు పడుతుంది. పరీక్ష మొదలుపెట్టి, శాతం అంకె పెరగడం చూస్తూ కూర్చుంది.

ఈలోగా బయట ఆడవాళ్ళు ఊరికే కూర్చోలేదు. సగం రెక్క ఉన్న వెల్వెట్‌ని చట్రంలోంచి తీసి, కిటికీ దగ్గర చాప మీద పరిచి, చేతి సూదులు తీశారు. మిగతా రెక్కని చేత్తోనే కుట్టేద్దామని వాళ్ళ ఆలోచన. మిషన్ల రొద లేదు గనక మాటలు బాగా సాగాయి. ఒకరు తమ అత్తగారి గురక గురించి చెప్పారు. దారాలత్త ఆ గురకని అభినయించింది. నవ్వులు మెట్ల కింద గదిదాకా వచ్చాయి. పిడుగుకి మాత్రం నవ్వు రాలేదు.

అంకె నూటికి చేరింది. ఒక విడత పూర్తయింది. తప్పులు: ఏమీ లేవు.

పిడుగు కొంచెంసేపు ఆ మాటనే చూసింది. ఆమె వెనక వదిన కూడా చూసింది. తెల్లటి అక్షరాలు చదవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు.

“నాదే అన్నమాట,” అంది పిడుగు మెల్లగా. వెనక్కి తిరగలేదు. “పాత సిస్టం నకలు నా దగ్గరుంది వదినా. మళ్ళీ అదే ఎక్కించేస్తాను. పాడైన వెల్వెట్...”

వెనక అడుగులు దూరమయ్యాయి. వదిన వెళ్ళిపోయిందనుకుంది. అందరికీ చెప్పడానికే వెళ్ళి ఉంటుందనుకుంది. చెప్పనీ, అనుకుంది. ఒప్పుకున్నది తనే కదా.

కొంతసేపటికి ఒక టీ గ్లాసు ఆమె భుజం మీదుగా ముందుకి వచ్చింది.

“తాగు. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు,” అంది వదిన. ఇరుకు గదిలోకి ఎలాగో దూరి, ఇంకో దారాల డబ్బా బోర్లించుకుని పక్కన కూర్చుంది. “తప్పు తెలిసింది, దిద్దుకుంటాం. దానికి ఏడుపు మొహం ఎందుకు? నేను మొదటిసారి కుట్టిన పెళ్ళి చీర ఏమైందో నీకు తెలుసా?”

“తెలీదు.”

“అంచు తలకిందులుగా కుట్టాను. అంచంతా చిలకలు. పెళ్ళికూతురు పీటల మీద కూర్చుంటే అవన్నీ కాళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి. మా అమ్మ ‘ఇది కొత్త ఫ్యాషన్’ అని సర్ది చెప్పింది. తరవాత ఇద్దరు ముగ్గురు వచ్చి అలాగే కుట్టమన్నారు కూడా!”

పిడుగుకి పొలమారింది. టీ ముక్కులోకి పోయి దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. వదిన ఆమె వీపు మీద చరిచింది. వారం తరవాత ఇద్దరూ కలిసి నవ్వడం అదే. ఎవరో ఏదో అన్నారని ఇద్దరికీ గుర్తే లేనట్టు, పాత సిస్టం ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది, రేపు పొద్దున ఏ మిషన్ మీద ఏ కొంగ పెట్టాలి అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పరీక్ష దానంతటది రెండో విడత మొదలుపెట్టి సాగిపోతోంది. దాన్ని ఆపాలన్న ధ్యాస కూడా ఇద్దరికీ లేదు.

“అవునూ, ఆ ఎర్రగా వస్తున్నదేంటి?” అంది వదిన.

పిడుగు తల తిప్పింది. నల్లటి తెర మీద ఎర్రటి వరస ఒకటి. ఆమె చూస్తుండగానే దాని కింద ఇంకొకటి. తరవాత వరసలు వరసలుగా, చీమలు బారు కట్టినట్టు.

“వదినా!” అని అరిచింది పిడుగు. గ్లాసులో మిగిలిన టీ వదిన ఒళ్ళో పడింది. “తప్పులు! మెమరీలో తప్పులు! రాసింది ఒకటి, చదివితే ఇంకొకటి వస్తోంది. యంత్రం వేడెక్కేదాకా బాగుండి, వేడెక్కాక తప్పుతోంది. అందుకే ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది!”

“అంటే?”

“అంటే నాది కాదు! ఇందులో నా సిస్టం లేనే లేదుగా!”

వదిన చీర మీది టీ దులుపుకుంటూ, “అయ్యో నా తల్లీ, అనవసరంగా నిన్ను...” అంది. మాట పూర్తి చేయలేదు. లేచి గుమ్మం దగ్గర నిలబడి, అవతల కిటికీ దగ్గరున్నవాళ్ళకి వినపడేలా, “వినండర్రా! తప్పు మా మరదలిది కాదు, యంత్రానిది. ఇన్నాళ్ళూ పిల్లని ఆడిపోసుకున్నది నేనే!” అని చాటింపు వేసింది. చాప మీద నుంచి చప్పట్లు వినిపించాయి.

పిడుగు ఆ చప్పట్లని కూడా పూర్తిగా వినలేదు. స్క్రీన్ పైమూలనున్న అంకె మీద ఆమె చూపు ఆగిపోయింది. ఇందాక శాతమే చూస్తూ దాన్ని పట్టించుకోలేదు. “ఇదేంటి? మనకున్న మెమరీ ఇంతే కదా, ఇక్కడ దానికి రెట్టింపు చూపిస్తోంది.”

సర్వర్‌ని ఆపింది. ఈసారి మూత పూర్తిగా ఎత్తి, ఫోన్ లైటు వేసి చూసింది. తను పెట్టిన పచ్చటి మెమరీ పలక దాని చోట అది ఉంది. దాని పక్కన, ఖాళీగా ఉండాల్సిన గాడిలో నీలంరంగు పలక ఒకటి తళతళ మెరుస్తోంది.

“ఇది నేను పెట్టలేదు,” అంది పిడుగు.

“నేనా పెట్టింది? నాకు మెమరీ అంటే ఏంటో ఇవాళే తెలిసింది,” అంది వదిన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పారేద్దామన్న మాట, మూత విప్పుతావా అన్న ప్రశ్న, ఉన్నట్టుండి గుర్తొచ్చిన తెర కొలతలు. వదిన ఫోన్ తీసింది.

“ఏవండీ, ఎక్కడున్నారు?... కొలతలు అయ్యాయా? అయితే ఒకసారి రండి... అబ్బే, ఏం లేదు. మీ చెల్లెలూ నేనూ మీతో మాట్లాడాలనుకుంటున్నాం. ఇద్దరం. కలిసి.”

అవతలివైపు టేపు కింద పడిన చప్పుడైంది.

అన్నయ్య వచ్చేసరికి నీలం పలక కత్తిరింపుల బల్ల మీద, తెల్ల గుడ్డ ముక్క మీద పెట్టి ఉంది. దానికి అటు వదిన, ఇటు పిడుగు. ఆయన తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“దొరికిందా?” అన్నాడు.

“ఎందుకు పెట్టావన్నయ్యా?”

“నువ్వే కదే, సర్వర్ నత్తలా నడుస్తోంది, మెమరీ సరిపోవడం లేదు అని రోజూ గొణిగేదానివి. నీ పుట్టినరోజు వస్తోందిగా. నువ్వు కొత్త సిస్టం ఎక్కించిన రోజే, వేరే ఆఫీసుకి వెళ్ళినప్పుడు వీధి చివర షాపతన్ని పిలిచి పెట్టించాను. ఆ రోజు చెబుదామని మనసులో ఉంచుకున్నాను.”

పిడుగుకి కొత్త సిస్టం వల్లే యంత్రం చురుకైందని తను ఊరంతా చెప్పుకున్న గొప్పలు గుర్తొచ్చాయి. ఆ చురుకు తన సిస్టంది కాదు, ఈ నీలం పలకది! ఆ సంగతి వదిన కూడా అదే క్షణంలో గ్రహించినట్టుంది. ఆమె పెదాలు అదురుతున్నాయి.

“మరి ఆగిపోవడం మొదలయ్యాక చెప్పొచ్చుగా?” అంది వదిన, నవ్వాపుకుంటూ.

“చెబుదామనే వచ్చాను. అప్పటికే మీరిద్దరూ మొదలుపెట్టేశారు. మధ్యలో దూరితే ఇద్దరూ కలిసి నా మీద పడతారని భయమేసింది. పైగా కొత్త వస్తువు కదా, అది పాడై ఉంటుందని నేనేం కలగన్నానా?”

“వారంపాటు మమ్మల్ని కొట్టుకోనిచ్చారు!”

“కూరగిన్నెలు మోసిన కష్టం నాది కాదా?” అన్నాడాయన దీనంగా.

ముందు నవ్వింది దారాలత్త. ఆవిడ నవ్వు అందుకుని చాప మీదున్నవాళ్ళు, ఆ తరవాత వదిన, చివరికి పిడుగు. అన్నయ్యకి నవ్వాలో వద్దో తెలియక, చెవి మీది సుద్దముక్క తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పిడుగు వెళ్ళి ఆయన భుజం మీద తల ఆనించింది. “పుట్టినరోజుకి చీర కొను అన్నయ్యా. నాకు అదే చాలు,” అంది.

నీలం పలక తీసేసి, అదే డిస్క్ మీద నుంచి పరీక్ష మళ్ళీ పెట్టింది పిడుగు. తొందరపడలేదు. యంత్రం బాగా వేడెక్కేదాకా, ఒక విడత తరవాత ఇంకో విడత, ఎర్ర వరస ఒక్కటీ రాలేదని నమ్మకం కుదిరేదాకా కదల్లేదు. అప్పుడు తన డిస్క్ ఊడదీసి సంచీలో వేసుకుని, సర్వర్‌ని దాని సొంత డిస్క్ మీద లేపింది. మిషన్లు ఒక్కొక్కటిగా గొంతు సవరించుకుని, అన్నీ కలిసి అందుకున్నాయి. రాత్రి బాగా పొద్దుపోయేలోగా మూడు కొంగలు రెక్కలు విప్పాయి. మర్నాడు మధ్యాహ్నానికి బారు పూర్తయి, ముక్కలన్నీ కలిసి తెరయ్యాయి.

తెరని వ్యానులో తీసుకెళ్ళేటప్పుడు వర్క్‌షాపంతా వెంట బయల్దేరింది. నాటకశాల ఖాళీగా ఉంది, కొత్త రంగు వాసన వేస్తోంది. పనివాళ్ళు తెరని దూలానికి కట్టి, తాళ్ళు లాగి సరిచూశారు. ముదురు నీలం మడతల మీద కొంగలు కదులుతుంటే, నాటకశాల మేనేజరు మాటలు మర్చిపోయి అటూ ఇటూ తిరిగాడు.

“ఒక్కసారి తెర వెనక నుంచి ఎలా ఉంటుందో చూడొచ్చా?” అని అడిగింది వదిన.

“మీ తెరేనమ్మా, చూడండి.”

వదిన పిడుగు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. వెనకవైపు మసక వెలుతురు. వెల్వెట్ వెనక నుంచి కొంగలన్నీ ముళ్ళూ దారపు కొసలూగా కనిపిస్తున్నాయి. ఇద్దరికీ జీవితంలో స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి.

“తెర తీయమను,” అంది వదిన గుసగుసగా.

“తీస్తే మనం కనిపిస్తాం వదినా!”

“అందుకే తీయమంటున్నా.”

పిడుగు తాడు దగ్గరున్నతనికి సైగ చేసింది. తెర మెల్లగా రెండువైపులకీ జరిగింది. ఎదురుగా ఖాళీ కుర్చీల సముద్రం. ముందు వరసలో దారాలత్త, మిషన్ల ఆడవాళ్ళు, మధ్యలో అన్నయ్య. అందరూ ఒక్కసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అన్నయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల కూడా వేశాడు.

వదిన కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నడుం దాకా వంగి నమస్కారం పెట్టింది. తరవాత పిడుగుని మోచేత్తో పొడిచి, “వంగవే, జనం చూస్తున్నారు,” అంది.